లక్క చల్లారే లోపు

మూడో రోజు పొద్దున
ప్లేటులో నీరు వంపేసి రంగు పోస్తాను.
అల్లనేరేడు తిన్న నాలుక రంగు.
కడిగి, వెలుగుకి ఎత్తి పట్టుకుంటే
బతికిన కణాలు ఊదాగా నిలబడతాయి.
వైరస్ తినిపోయిన చోట
గుండ్రటి తెల్ల చిల్లు.

నా ఉద్యోగం చిల్లులు లెక్కపెట్టడం.
తార్నాకలో, రెండు తలుపుల గది లోపల,
సొంత ఊపిరి సొంత చెవులకే వినపడే ముసుగులో.

నూట పద్దెనిమిదో నంబరు సీరం
ఖమరున్నిసా గారిది.
పేరు నాకు తెలియకూడదు.
కానీ ఆ రోజు నరం దొరక్క
రెండుసార్లు పొడిచింది నేనే.
ఆమె వేళ్ల చివర్లు కాలి కాలి నున్నబడ్డాయి, గీతలు లేవు.
లాడ్ బజార్ వెనక గల్లీలో ముప్పై ఏళ్లుగా
లక్క గాజుల మీద రాళ్లు కూర్చే వేళ్లు.
ఆధార్ మిషను గుర్తుపట్టదట.
"నా వేళ్లను మిషన్ ఎరగదు బేటా,
నా నెత్తురు దేన్ని ఎరుగుతదో నువ్వే చూడు" అంది.

చూశాను.
వైరస్ ఒంటి నిండా ముళ్లు.
ప్రతి ముల్లూ మూడు పాయల జడ.
పైన మన చక్కెరే కప్పుకుని తిరుగుతుంది,
ఎవరిదో షేర్వానీ తొడుక్కుని
దావత్‌కి వచ్చిన పిలవని చుట్టంలా.
ఒక పాయ తల ఎత్తి
మన కణం గడపను తడుముతుంది.
ఎత్తిన ఆ ఘడియలోనే
దాని ఒంపు బయటపడుతుంది.
అక్కడ కూర్చోవాలి.

ప్రతిరక్షకం దగ్గర ఏముంది,
రెండు చేతులున్న చిన్న పంగలకర్ర.
కత్తి లేదు, నిప్పు లేదు.
చంపదు కూడా.
గడపకూ ముల్లుకూ మధ్య తన ఒళ్లు పెడుతుంది. అంతే.
తలుపు దాకా వచ్చినవాడు తలుపు ముట్టలేక
వరండాలోనే పాతబడిపోతాడు.

ఇదంతా ఆమెకు
తాళం, తాళంచెవి అని చెప్పబోయాను.
మాకు కాలేజీలో చెప్పింది అదే.
ఆమె నవ్వింది.
"తాళంచెవికి కొలత ముందే ఉంటది.
మాది అట్ల కాదు.
రాయి ఏరుతం, ఒత్తుతం, నిలవదు,
మళ్ల ఇంకోటి ఏరుతం.
లక్క సల్లారే లోపల కూసుంటే కూసున్నట్టు.
పట్టేది లక్క గాదు బేటా, కూసునుడు."

గాంధీలో పన్నెండు రోజులు
ఆమె ఆక్సిజన్ గొట్టం కింద పడుకున్నప్పుడు
చంకలో, మెడ పక్కన, బఠాణీ అంత బిళ్లల్లో
ఆమెకు తెలియకుండా ఆమె పనే నడిచింది.
ఏరడం, ఒత్తడం, పారేయడం,
ఒక్క అక్షరం మార్చి మళ్లీ ఏరడం.
కుదరని కణాలు అక్కడే చచ్చిపోయాయి.
వాటి లెక్క ఏ రిజిస్టర్లోనూ లేదు.

నా రిజిస్టర్లో ఉన్నది ఇది:
సీరం లేని గుంటలో నలభై నాలుగు చిల్లులు.
ఇరవై వంతులు పలచన చేస్తే సున్నా.
నలభై, సున్నా. ఎనభై, సున్నా.
నూట అరవైకి మూడు.
మూడు వందల ఇరవైకి పదకొండు.
అంత నీళ్లలోనూ ఎవరో ఇంకా
గడపకు అడ్డం కూర్చునే ఉన్నారు.

తర్వాత కొత్త రకం వచ్చింది.
ముల్లు మీద కొన్ని అక్షరాలు వేరు,
ఒంపు అంచు ఇంత జరిగింది.
అదే సీరం.
ఇరవైలోనే తొమ్మిది.
రెండోసారి చేశాను. పది.

ఫోన్ చెయ్యకూడదు. చెయ్యలేదు.
శనివారం గాజులు కొనుక్కోవడానికి వెళ్లాను.
బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతోంది.
"ఎట్లుంది నా నెత్తురు?"
"జారుతోంది" అన్నాను.
ఆమె తల ఎత్తలేదు.
చిమ్టాతో ఒక రాయి తీసి, వెలుగులో తిప్పి, వద్దని పక్కన పెట్టింది.
"మొత్తమా?"
"మొత్తం కాదు."
ఇంకో రాయి తీసింది.

వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని
ఎముకలు ఒక్కసారి నొక్కి చూసి,
కొలత అడక్కుండానే
రెండుంపావు గాజు ఎక్కించింది.

సోమవారం లోపలికి గాజుతో పోనివ్వరు.
తీసి లాకర్లో పెడుతుంటే
ఒక రాయి ఎక్కడో బస్సులో రాలిపోయింది.
దాని గుంట అలాగే ఉంది,
వేలు పెడితే తెలుస్తోంది.